తెల్లబెల్లం, నల్లబెల్లం, మా అత్తగారు

ఈమధ్య ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. "పంచదార మానేద్దామనుకుంటున్నాం, ఏ బెల్లం కొనమంటావు?" అని మా చెల్లెలు అడిగింది, పక్కవీధి టీచరమ్మ అడిగింది, హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు కూతురైతే ఏకంగా లిస్టు పంపింది. అందులో బెల్లం పొడి, బ్రౌన్ షుగర్, నాటు చక్కెర, ఖండసారి అన్నీ ఉన్నాయి. మన నరసన్నపేట బజారులోనే ఒక కొట్టు ముందు నిలబడితే నాలుగు రంగుల బెల్లం కనిపిస్తుంది. ఒకటి గంధం ముద్దలా తెల్లగా, ఒకటి పసుప్పచ్చగా, ఒకటి ఇటిక రంగులో ఉంటాయి. నాలుగోది అడిగితేనే లోపల్నించి తీస్తారు. అది నల్లగా, కాస్త జిగటగా, గోనె సంచిలో ఉంటుంది. ఆ చివరిదాని కోసం వెళ్తే మాత్రం కొట్టాయన మన మొహం వంక ఒకసారి చూసి, "దేనికమ్మా?" అంటాడు.

జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. తినడానికి మందు వెయ్యని ఎర్రబెల్లం, పులియబెట్టడానికి అంతకంటే ముదురుది. కానీ ఆ రెండు ముక్కలూ మా ఇంట్లో అమలు కావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే బెల్లం రంగు వెనకున్న కథంతా చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దింపి రండి.

బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని కాబట్టి ముందు మాటల దగ్గరికి పోతాను. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారం, అంటే సరుకుల గిడ్డంగి గురించి చెప్పే అధ్యాయం ఒకటుంది. తీపి సరుకులన్నిటినీ అక్కడ ఒక వర్గంగా చెప్పాడు. ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర. ఈ ఐదూ చెరకురసం మెట్లే. ఫాణితం అంటే చిక్కగా కాచిన పాకం, గుడం మన బెల్లం. మత్స్యండిక మాట విడదీసి చూడండి, మత్స్య, అండం. చేపగుడ్లలా సన్నటి పలుకులు కట్టింది అన్నమాట. ఖండం ముక్కలుగా విరిగేది. శర్కర అంటే అసలు అర్థం ఇసక, గులకరాయి. నోట్లో వేసుకుంటే అలా తగిలేదని ఆ పేరు. ఇంగ్లీషువాళ్ళ 'షుగర్', 'క్యాండీ' మన శర్కర, ఖండాల మనవరాళ్ళే. 'జాగరీ' కూడా శర్కర మాటే, పోర్చుగీసువాళ్ళ నోట పడి తిరిగొచ్చింది.

అంటే రెండువేల ఏళ్ళ కిందటే ఐదు రకాల చక్కెర కొట్టులో ఉండేది, ఏది దేనికన్న లెక్క కూడా ఉండేది. అదే పుస్తకంలో మద్యాల అధ్యాయం చూడండి. ఆసవం చెయ్యడానికి కొలత ఇస్తూ, వెలగపండు ఒక వంతుకి ఫాణితం ఐదు వంతులు, దానికి కొంచెం తేనె అన్నాడు. తెల్లటి శర్కర అనలేదు, గట్టి ఖండమూ అనలేదు. పులియడానికి పాకం చాలు, మడ్డి ఉన్నా పరవాలేదు, ఇంకా మంచిదే అని వాళ్ళకి తెలుసు. ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది. పులియబెట్టే ముద్దని కిణ్వం అంటారు. దాన్ని, దానికి కావలసిన సరుకునీ పోగుచేసే పని ఆడవాళ్ళకీ పిల్లలకీ అప్పగించాలన్నాడు. కుండలో ఏది పొంగుతుంది, ఏది పాడవుతుంది అన్న విద్య మొదట్నించీ మన చేతుల్లోదే. నేను చెప్పడం కాదు, కౌటిల్యుడు రాసిందే.

ఇప్పుడు గానుగ దగ్గరికి వద్దాం. నేను చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకి రాజాం వైపు మా అమ్మమ్మగారి ఊరు వెళ్తే పొలాల్లో బెల్లం పెనాలు కాలుతూ ఉండేవి. అప్పటికే ఎద్దుల గానుగలు పోయి ఇంజను క్రషర్లు వచ్చాయి. రసాన్ని పెద్ద పెనంలో పోసి, చెరకు పిప్పినే మంటకి వేసేవారు. కాగుతుంటే కొంచెం సున్నపుతేట, కొంచెం బెండకాడల జిగురు పోస్తే మురికంతా తెట్టులా పైకి తేలుతుంది. దాన్ని జల్లితో తీసెయ్యాలి, తీస్తూనే ఉండాలి. అది సరిగ్గా తీస్తే బెల్లం ఎర్రగా, తీపిగా వస్తుంది, తియ్యకపోతే నల్లగా, వగరుగా వస్తుంది. టన్ను చెరకుకి ఇంచుమించు క్వింటాలు బెల్లం. పాకం ముదిరిందో లేదో చూడ్డానికి ఒక చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో ముద్ద చేసేవారు. మనం అరిసెలకి చూసినట్టే.

రంగు చెరకుని బట్టి కూడా ఉంటుంది. ఉప్పునేలల్లో పండిన చెరకు బెల్లం ముదురు రంగులో, కాస్త ఉప్పగా ఉంటుంది, వానాకాలం వచ్చేసరికి నీరు కారిపోతుంది. ఈ సంగతులు చూడ్డానికే అనకాపల్లిలో 1913లో చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు. అంతకు ఏడాది ముందు కోయంబత్తూరులో చెరకు వంగడాల సంస్థ వచ్చింది. ఇప్పుడు మనవైపు రైతులు వేసే రకాల్లో చాలా వాటికి అనకాపల్లి పుట్టిల్లు.

అనకాపల్లి పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను, దేశంలోకెల్లా పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. దిమ్మలు వరసగా పేర్చి ఉంటే వ్యాపారులు రంగు చూసి, చిటికెడు గిల్లి నోట్లో వేసుకుని రేటు కడతారు. నోటి రుచి కంటే కంటి రంగే ముందు. లేతరంగుకి రేటు ఎక్కువ, ముదురుకి తక్కువ. ఇక రైతు ఏం చేస్తాడు? తెట్టు తీస్తూ కూర్చునే ఓపిక, కూలి లేనప్పుడు హైడ్రోస్ అనే పొడి వేశాడు. సోడియం హైడ్రోసల్ఫైట్ అని బట్టల మిల్లుల్లో రంగు పోగొట్టడానికి వాడేది. పాకంలో గుప్పెడు పడితే చాలు, బంగారంలా మెరుస్తుంది. చిత్రమేమిటంటే ఆ మెరుపు నిలవదు. రెండు మూడు నెలలు ఇంట్లో ఉంచితే మళ్ళీ నల్లబడిపోతుంది. కిలో బెల్లంలో గంధకం డయాక్సైడు 70 మిల్లీగ్రాములు మించకూడదని నిబంధన ఉంది. కొట్టు ముందు నిలబడ్డ మనకి అది ఏం కనపడుతుంది? రైతుని తిట్టి లాభం లేదు. తెల్లగా ఉన్నది కావాలని అడిగింది మనమే.

మనకీ తెలుపు పిచ్చి ఎక్కడిది? ఇది ఇంకొంచెం పెద్ద కథ.

విలియం రాక్స్‌బర్గ్ అని కంపెనీ వైద్యుడు, మొక్కల శాస్త్రవేత్త, సామర్లకోటలో ఉండేవాడు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో రైతులు చెరకు వేసి బెల్లం, చక్కెర ఎలా చేస్తున్నారో చూసి వివరంగా రాశాడు. అది 1790లలో అచ్చయింది. ఒక కంపెనీ ఉద్యోగికి మన బెల్లం మీద అంత ఆసక్తి ఎందుకు? అదే సమయంలో అట్లాంటిక్ అవతల చెరకు దీవుల్లో బానిసలు తిరగబడ్డారు. 1791లో సెయింట్ డొమింగోలో మొదలైన తిరుగుబాటుతో యూరప్‌లో చక్కెర ధర మండిపోయింది. అదే ఏడు ఇంగ్లండులో విలియం ఫాక్స్ అనే ఆయన చిన్న పుస్తకం వేశాడు. బానిసల నెత్తురుతో చేసిన చక్కెర మానండి అని. మానింది ఎవరనుకుంటున్నారు? టీ కాచేవాళ్ళు. ఇంటి ఆడవాళ్ళు. మూడు లక్షలమంది దాకా చక్కెర మానేశారని అప్పటి ఉద్యమకారుల అంచనా. తర్వాత 1820లలో మళ్ళీ ఊపందుకున్నప్పుడు ఎలిజబెత్ హేరిక్ లాంటివాళ్ళు గడపగడపకీ వెళ్ళి చెప్పారు. చక్కెర గిన్నెల మీద, ఇది బానిసలు చెయ్యని ఈస్టిండియా చక్కెర అని రాయించి మరీ అమ్మారు. ఓటు లేదు, ఆస్తి లేదు, చేతిలో ఉన్నది పంచదార డబ్బా. దాంతోనే తమ మాట చెప్పారు.

అయితే ఆ కథకి మనవైపు కొస ఇంకోటుంది. 1834లో బానిసత్వం చట్టప్రకారం పోయింది, చెరకు తోటలు పోలేదు కదా. ఆ తోటల్లోకి మనవాళ్ళని తీసుకుపోయారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఒప్పందం కూలీలుగా ఓడలెక్కి మారిషస్ వెళ్ళారు. కోరంగి రేవు నుంచి వెళ్ళారు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళకి 'కొరింగి' అన్న పేరే పడింది. 1860 నుంచి నటాల్‌కి, ఆ తర్వాత ఫిజీకి కూడా వెళ్ళారు. అప్పటికి మన నరసన్నపేట గంజాం జిల్లాలోదే. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు ఇటు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఇక్కడ పెనం దగ్గర బెల్లం వండే కులాలవాళ్ళూ, పంటలేక అప్పులపాలైన వాళ్ళూ అక్కడ తెల్ల చక్కెర కోసం చెరకు నరికారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. ఆ మాట చదివినప్పుడల్లా ఆ తొలి ఏళ్ళలో ఉగాది పచ్చడిలోకి వాళ్ళు ఏ తీపి వేసుకున్నారో అనుకుంటాను.

అదే గంజాం జిల్లాలో ఆస్కా ఊళ్ళో 19వ శతాబ్దం నడుమ చక్కెర కార్ఖానా లేచింది. మించిన్ అనే దొర చాలాకాలం నడిపాడు. చెరకుని గానుగాడకుండా ముక్కలుగా కోసి వేడినీళ్ళలో నానబెట్టి తీపి లాగే కొత్త పద్ధతి అక్కడ పెట్టాడు. చక్కెర తీయగా మిగిలిన మడ్డితో సారా కాచే డిస్టిలరీ కూడా ఆ పక్కనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఎందుకంటే తెల్ల చక్కెర ఎప్పుడూ ఒంటరిగా పుట్టదు. అది తెల్లబడేకొద్దీ దానిలోంచి పోయిన నలుపు ఎక్కడో ఒకచోట పోగవుతుంది.

విదేశీ చక్కెర మన ఇళ్ళలోకి అంత తేలిగ్గా రాలేదు. ఎముకల బొగ్గుతో వడగడతారని తెలిసి నిష్ఠగలవాళ్ళు ముట్టుకునేవారు కాదు. అది వట్టి పుకారు కాదు, అప్పటి యూరప్ రిఫైనరీల్లో ఎముకల బొగ్గు నిజంగానే వాడేవారు. 1905 తర్వాత స్వదేశీ రోజుల్లో విదేశీ బట్టతో పాటు విదేశీ చక్కెరని కూడా వద్దన్నారు. అయినా జావా చక్కెర చవగ్గా వచ్చి పడుతూనే ఉంది. 1932లో దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం చట్టం వచ్చాక కథ మారింది. దేశం మొత్తం మీద ముప్పై చిల్లర ఉన్న ఫ్యాక్టరీలు నాలుగైదేళ్ళలో నూరు దాటాయి. 1933లో ఏటికొప్పాకలో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. మనకి లక్కబొమ్మల ఊరుగా తెలిసిన ఏటికొప్పాకే. దేశంలో తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో అదొకటి. తర్వాత తుమ్మపాల, గోవాడ, భీమసింగి, మన ఆమదాలవలస వచ్చాయి. ఆమదాలవలస ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. మా మామగారు ఆ దారిన బస్సులో వెళ్తే ఇప్పటికీ ఆ గోడల వైపు చూసి ఏదో ఒకటి అంటారు.

ఫ్యాక్టరీ చక్కెర రేషను కార్డు మీద రావడం మొదలయ్యాక బెల్లం పల్లెటూరి సరుకైపోయింది. ఇంటికి చుట్టాలొస్తే పంచదార టీ, కూలివాళ్ళకి బెల్లం టీ. నా పెళ్ళినాటికి కూడా మావైపు అదే మర్యాద. అలా బెల్లం కూడా పంచదారలా తెల్లగా కనపడ్డానికి తాపత్రయపడింది.

ఇక నల్లబెల్లం.

పులియడానికి తీపి కావాలి, అందులో ఈస్టు బతకడానికి కొంచెం ఖనిజలవణాలు కావాలి. తెల్ల పంచదారలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకి పైగా ఒట్టి తీపే, ఇంకేం లేదు. ముదురుబెల్లంలో అవన్నీ మిగిలి ఉంటాయి. అందుకే ఆయుర్వేదంలో ఆసవాలకి, అరిష్టాలకి బెల్లమే వాడతారు, అందులోనూ ఏడాది దాటిన పాతబెల్లం మేలంటారు. ధాతకీ పూలు వేస్తే వాటితో పాటే ఈస్టు వస్తుంది, కుండలో దానంతటదే పులుస్తుంది. కాన్పయ్యాక మనలో చాలామంది తాగిన దశమూలారిష్టం అలా పులిసిన బెల్లమే. అదే గుణాన్ని పట్టుకుని సారా కాచేవాళ్ళు నల్లబెల్లం ఎంచుకున్నారు. తినే బెల్లం కంటే చవక, పొంగు ఎక్కువ. 1886 మద్రాసు అబ్కారీ చట్టంతో సర్కారు సారా మీద పన్ను, గుత్తం అంతా తన గుప్పిట్లో పెట్టుకుంది. కాంట్రాక్టు దుకాణంలో అమ్మితే ఆదాయం, తోటలో కాస్తే నేరం. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టారు. దుకాణాలు మూసినా తోటల్లో బట్టీలు మూతపడలేదు.

మా అత్తగారి తమ్ముడు ఆ తోటల్లో బట్టీ దగ్గరే పోయాడు. నేను పెళ్ళై రావడానికి ఏడేళ్ళ ముందు మాట. జీడితోటలో భూమిలో పాతిన డ్రమ్ముల్లో బెల్లం ఊట ఉండేది. ఆయన మొదట సైకిలు మీద రాత్రిపూట నల్లబెల్లం మూటలు మోసేవాడట. తర్వాత కాచాడు, తర్వాత తాగాడు. ముప్పై రెండేళ్ళకే కడుపు ఉబ్బి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో ఆయన భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ పిల్లల పెళ్ళిళ్ళు మా మామగారే చేశారు.

అందుకే నేను కొత్తగా వచ్చినప్పుడు, అట్లలోకి అని కాస్త ముదురుబెల్లం తెప్పిస్తే అత్తగారు గుమ్మం దగ్గరే ఆపేశారు. "ఏటమ్మా, ఆ నల్లబెల్లం ఇంట్లోకి తెచ్చీసినావేటి? ముందది బయట పెట్టీ" అన్నారు. గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది. అది సారాబెల్లం కాదు అత్తయ్యా, తినేదే అని చెప్పాను. "నాకు తెల్దేటి? దాని రంగు నాకు తెల్దేటి?" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లోకి వెన్నలా తెల్లటి బెల్లమే వచ్చేది. కొట్టులో ఉన్నవాటిలో అన్నిటికంటే లేతది ఏరి తెచ్చేవారు. ఆ తెలుపు ఎలా వస్తుందో చాలా ఏళ్ళ తర్వాతగానీ ఇంట్లో ఎవరికీ తెలీలేదు. ఆవిడ నలుపుకి భయపడ్డది ప్రాణం పోయిన ఇంటి మనిషిగా. ఆ భయాన్ని పుస్తకం చూపించి కాదనగలనా?

మనలో చాలామందికి 1992 గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠంలో ఊరి ఆడవాళ్ళు ఏకమై సారాని తరిమిన కథ ఉంది. అది చదివి, మనమూ ఎందుకు చెయ్యకూడదు అనుకున్నారు. అంతకుముందు సర్కారే 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరా అందించింది మరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఇంగ్లండు ఆడవాళ్ళు చక్కెర మానిన 1791కీ దూబగుంటకీ మధ్య రెండు వందల ఏళ్ళు. అక్కడా చెరకే, ఇక్కడా చెరకే. మా అత్తగారు ఆ ఏడు పేపర్లో ఫొటోలు కత్తిరించి దేవుడి గదిలో పెట్టుకున్నారు. చదువు లేని మనిషి.

సారా పోయాక నాటుసారా మిగిలింది. దాంతో ఎక్సైజువాళ్ళ కన్ను నల్లబెల్లం మీద పడింది. కొనేవాళ్ళ పేర్లు రాసుకోవడం, మూటలు పట్టుకోవడం, వ్యాపారులు కోర్టుకెక్కడం జరిగాయి. ఈ గొడవలో నష్టపోయింది ముదురుబెల్లం అమ్ముకునే మామూలు రైతు కూడా. పట్టుబడతానేమో అన్న భయంతో హైడ్రోస్ ఇంకో గుప్పెడు వేశాడంటే ఆశ్చర్యమేముంది?

మా ఇంట్లో మార్పు పెరటి మొక్కలతో వచ్చింది. ప్రకృతి సేద్యం మన రాష్ట్రంలో ఊపందుకున్నాక మా మామగారు మీటింగుకి వెళ్ళి జీవామృతం నేర్చుకొచ్చారు. ఎకరానికి రెండువందల లీటర్ల నీళ్ళలో పది కిలోల ఆవుపేడ, ఆవుమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టుమీది మట్టి గుప్పెడు. అందులో వెయ్యడానికి నల్లబెల్లమే చవక, మేలు కూడా. తెల్లబెల్లంలో గంధకం మిగిలి ఉంటే సూక్ష్మజీవులు నెమ్మదిస్తాయి, తినే పని చెయ్యవు. ఈ మాట నేను చెప్తే అత్తగారు వినేవారు కాదు. మామగారు చెప్పారు, అదీ భోజనం దగ్గర కాదు, తోటలో. ఒక డ్రమ్ము తెల్లబెల్లంతో, ఒక డ్రమ్ము నల్లబెల్లంతో కలిపారు. రెండో రోజుకి రెండోది నురగ కట్టింది, మొదటిది ఊరికే నిలబడింది. అత్తగారు చాలాసేపు ఆ నురగ వంక చూశారు. తమ్ముడి డ్రమ్ముల్లో కూడా ఇలాగే ఉండేదని ఒక్క మాటన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

ఇప్పుడు మా పద్ధతి చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

తినడానికి ఇటిక రంగు బెల్లం. పండగ ముందు కొత్తబెల్లం వచ్చినప్పుడు రెండు దిమ్మలు తీసుకుంటాం. ఒక ముక్క గ్లాసు నీళ్ళలో వేసి చూస్తాను, అడుగున తెల్లటి మడ్డి దిగితే ఆ కొట్టు మానేస్తాను. ఆ నీళ్ళలో నిమ్మరసం పిండితే బుసబుసా పొంగితే సోడానో సుద్దనో ఉన్నట్టే. అరిసెలకి మాత్రం కొత్తదే కావాలి, పాతబెల్లం పాకం సాగదు. బ్రౌన్ షుగర్ గురించి అడిగిన చెల్లెలికి చెప్తున్నా, అందులో చాలావరకు తెల్ల పంచదారకే మళ్ళీ మడ్డి పూసి అమ్మేది. ముందు తీసేసి, తర్వాత రాసి, దానికి రెట్టింపు డబ్బులా? షుగరు ఉన్నవాళ్ళు ఏ రంగుదైనా బెల్లం బెల్లమే, తగ్గించాల్సిందే. అందులో ఇనుముంది, మంచిదే కదా అని పిల్లలకి ముద్దలు పెట్టకండి.

పులియబెట్టడానికి వేరే డబ్బా. నిమ్మ, నారింజ తొక్కలతో గచ్చు తుడిచే ద్రావణం చేస్తున్నాను. థాయిలాండ్ నుంచి వచ్చిన పద్ధతి అది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్ళు, మూడు నెలలు. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి పోనివ్వాలి, లేకపోతే సీసా పగులుతుంది. గాజు సీసా వాడకండి. దీనికి ముదురుబెల్లం వాడితే పొంగు త్వరగా వస్తుంది. చోడి అంబలికి బెల్లమే అక్కర్లేదు, రాత్రి కలిపిన పిండి తెల్లారేసరికి తనంతటతాను పులుస్తుంది. పిల్లలకి పక్కన చిన్న ముక్క ఇస్తే చాలు. హైదరాబాదు అమ్మాయి అడిగిన కొంబుచాకి మాత్రం పంచదారే వాడమన్నాను. బెల్లం వేస్తే త్వరగా పుల్లబడి, వాసన మారిపోతుంది, పైగా ఆ పొరకి అలవాటైన తీపి పంచదారే.

నల్లబెల్లం డబ్బా మాత్రం ఇప్పటికీ ఇంట్లో లేదు. పెరట్లో నూతి పక్కన రేకు షెడ్డులో, ఎరువుల సంచుల దగ్గర, మూతకి తాడు కట్టి ఉంటుంది. తాడు మా అత్తగారే కట్టారు. కావలసినప్పుడు నేను వెళ్ళి విప్పుతాను, మళ్ళీ ఆవిడే వచ్చి బిగిస్తారు.